సాలీడు సాక్ష్యం

మొన్నామధ్య విజయనగరంలో మందుల షాపు ముందు నిలబడి ఉన్నాను. నా ముందున్నాయన మోచేయి చూపించి, సాలీడు కుట్టింది, ఏదైనా పూత మందు ఇమ్మని అడిగాడు. షాపతను అర వైపు తిరిగేలోపే నా నోట్లోంచి ప్రశ్న జారిపోయింది. "సాలీడుని మీరు కళ్ళారా చూశారా?" చూడలేదట. పొద్దున్న లేచేసరికి అక్కడ ఎర్రగా ఉందట. "దురద ముందొచ్చిందా, నొప్పి ముందొచ్చిందా?" అని ఇంకోటి కూడా అడిగేశాను. షాపతను నవ్వి, మేడమ్ గారు డాక్టరా అన్నాడు. కాదు, నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఆ ప్రశ్నలు మా మావవి. ఆయన పోయి ఏడాది దాటింది. పోయినప్పుడు నేను పెద్దగా ఏడవలేదు. వయసు మీద పడ్డ మనిషి, నిద్రలో పోయాడు, అంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. ఆ షాపు ముందు మాత్రం నేను కొనాల్సిన మందు పేరే మరిచిపోయాను.

మావ అంటే మా అమ్మకి అన్న. మా అమ్మ పుట్టిన ఊరు కళింగపట్నానికి దగ్గర్లోనే. ఊళ్ళో దాదాపు అందరిదీ వరి సేద్యమే. సగం మంది హిందువులు, మిగతా సగం మా బాప్టిస్టు సంఘం వాళ్ళు. రెండు వైపులా పెళ్ళికైనా చావుకైనా షామియానాలు, మడత కుర్చీలు, వంట గిన్నెలు అద్దెకిచ్చేది మావ సప్లై కంపెనీయే. కంపెనీ అంటే ఒక రేకుల షెడ్డు, ఒక పాత ట్రక్కు ఆటో.

కుర్చీలతోనే బతికిన మనిషి ఏ కుర్చీలోనూ ఊరికే కూర్చునేవాడు కాదు. వీపు పట్టుకుని ముందుకు వంచేవాడు, అడుగున అరచేత్తో తట్టేవాడు, ఒంగి చూసేవాడు, అప్పుడు కూర్చునేవాడు. మేం గుడి అని పిలుచుకునే మా చర్చిలో బెంచీ అయినా, బస్టాండులో బల్ల అయినా అంతే. నా సంబంధం మాట్లాడటానికి మావాళ్ళు నెల్లిమర్ల వెళ్ళినప్పుడు, అబ్బాయి తండ్రి తను కూర్చున్న కుర్చీ ఖాళీ చేసి మర్యాదగా ఇచ్చాడట. మావ దాన్ని నేల మీద పడుకోబెట్టి కాళ్ళ సందుల్లో వేలు పెట్టి చూశాడట. చూసి, "మీ ఇంట్లో ఏటీ నేదండి, శుబ్బరంగా ఉన్నాది" అన్నాడట. సంబంధం కుదిరింది. ఆ కుర్చీ ఇచ్చినాయన, అంటే మా మావగారు, ఇప్పటికీ చుట్టాలొస్తే ఆ కథ చెప్పి నవ్విస్తారు, నేను లోపలికి వెళ్ళి ఏదో ఒక పని పెట్టుకుంటాను.

బట్ట విషయంలోనూ ఆయనది ఒక పట్టుదల. పొందూరు ఖద్దరు జుబ్బా, మెడ దాకా గుండీలు, మడత నలగని పంచె. వేసవిలో మగాళ్ళందరూ తువ్వాళ్ళతో వాకిట్లో దొర్లుతుంటే ఈయన ఒక్కడే గుండీలు పెట్టుకుని విసనకర్రతో విసురుకునేవాడు. తలుపు మూసుకుని స్నానం చేసి, పూర్తిగా కట్టుకుని బయటికొచ్చేవాడు. ఆయన ఛాతీ మీద వెంట్రుకలున్నాయో లేదో మా అత్తకి తప్ప ఎవరికీ తెలియదని మా పిన్ని వేళాకోళం చేసేది. పిన్ని అంటే మావకి ఆఖరి చెల్లెలు, ఆ ఊళ్ళోనే ఇచ్చారు. అన్నని ఆ మాత్రం ఆటపట్టించే ధైర్యం ఆవిడకే ఉండేది.

అవన్నీ పక్కన పెడితే, మావకి ఊళ్ళో పేరు తెచ్చింది సాలీడు.

మా సంఘంలో ఏటా కోతల పండుగ జరుగుతుంది. తొలి పంటలో వరికంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు, కొబ్బరికాయలు తెచ్చి గుళ్ళో పెడతారు. ఆరాధన అయ్యాక వాటికి వేలంపాట ఉంటుంది. ఆ తర్వాత సాక్ష్యాలు. ఆ ఏడు దేవుడు తనకు చేసిన మేలు ఏమిటో ఎవరైనా లేచి నలుగురిలో చెప్పుకోవచ్చు. తప్పిపోయిన గేదె దొరికిన సాక్ష్యం, పరీక్ష పాసైన సాక్ష్యం, తాగుడు మానేసిన సాక్ష్యం. ఇవన్నీ అయ్యాక చివర మావ లేచేవాడు. పై గుండీ ఉందో లేదో తడుముకుని మొదలు పెట్టేవాడు.

"సంఘానికి వందనాలు. ఆ దినం నాను టెక్కలి పక్క పెళ్ళికి కుర్చీలు దించుతన్నాను. మడత ఇప్పడానికి కిందకి సెయ్యెట్టాను. సూది గుచ్చినట్టనిపించినాది, అంతే. సీమేమో అనుకున్నాను. తిప్పి సూస్తే సాలీడు. శెనగ్గింజంత ఉన్నాది. నల్లగా మెరుస్తన్నాది, కడుపు కింద ఎర్ర మచ్చ. ఇంత దానికి ఏటవుతాదిలే అని దులిపీసుకుని పనిలో పడ్డాను. కుర్చీలు దించడం అయ్యేతలికి నొప్పి సంకలోకి ఎక్కీసినాది. సంకలోంచి గుండెకి, గుండెలోంచి నడుంకి. కడుపు బల్ల సెక్కయిపోనాది, నొక్కితే దిగదు. పడుకుంటే నిలబడాలనిపిస్తాది, నిలబడితే పడుకోవాలనిపిస్తాది. కుట్టిన సెయ్యి ఒక్కటే సెమట. కారిపోతన్నాది. రెండో సెయ్యి సూస్తే పొడిగా ఉన్నాది."

ఇక్కడ ఆగి రెండు చేతులూ పైకెత్తి చూపించేవాడు. ఏటా వినే కథే అయినా ముందు వరసలో వాళ్ళు ఆ చేతుల వంక చూసేవాళ్ళు. తర్వాత గొంతు తగ్గించేవాడు. అత్త పుట్టిల్లు అటువైపే. అక్కడ చాప మీద పడి ప్రార్థన చేశాడట. ఒళ్ళు నీది, నీ ఇష్టం అన్నాడట. మొదటి దినం అరుపులు. రెండో దినం మూలుగులు. మూడో దినం తెల్లవారి లేచి కూర్చుని గంజి అడిగాడట. మూడో దినం అనగానే గుడి మొత్తం ఆమేన్ అనేది. ఆ మాటకి మా వాళ్ళ చెవిలో వేరే బలం ఉంది, ప్రభువు సమాధిలోంచి లేచింది మూడో దినమే కదా. అత్త మాత్రం ఆ సమయంలో పాటల పుస్తకం తెరిచి అందులోకి తల దించుకునేది. భక్తి అనుకునేదాన్ని.

ఆ సాక్ష్యాన్ని నేను చాలాసార్లు విన్నాను. టీచరు బుద్ధి కదా, ఒకే పాఠం ఏటా చెప్పేవాడిలో ఏది మారుతుందో కనిపెట్టడం అలవాటు. ప్రార్థన భాగం ఏటికేడాది పెరిగేది. ఒక ఏడు వెలుగు కనిపించింది, ఇంకో ఏడు స్వరం వినిపించింది. నొప్పి భాగం మాత్రం ఒక్క మాట మారేది కాదు. సంక, గుండె, నడుం, బల్లచెక్క కడుపు, ఒంటిచేతి చెమట, అదే వరస. కథ పెంచాలనుకున్నవాడికి సాలీడుని పెంచడం అన్నిటికన్నా సులువు. మావ సాలీడు చివరి దాకా శెనగగింజంతే ఉంది. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ శెనగగింజ దగ్గరే.

ఇక ఊళ్ళో ఎవరికి ఎక్కడ దద్దురు లేచినా మావ షెడ్డు ముందు హాజరు. హిందువుల ఇళ్ళ నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని విచారణ మొదలు పెట్టేవాడు. సాలీడుని సూసేవా, నొప్పి ముందా దురద ముందా, సెమట ఏ పక్క పట్టింది. ఇంత అడిగాక కూడా ఆయన మనసు సాలీడు వైపే మొగ్గేది. "సాలీడే. సిన్న జాతి. భయం నేదు, మూడో దినానికి దిగిపోతాది" అనేవాడు. దిగిపోయేది కూడా. అందులో ఎక్కువ భాగం చీమలో, గొంగళిపురుగులో, చెమటకాయలో అయి ఉంటాయి. వాటంతట అవే తగ్గేవి. తగ్గిన ప్రతివాడూ ఆయన మాటకి ఇంకో సాక్షి అయ్యేవాడు. నేను ఒకసారి నవ్వుతూ, "మావా, నీకు అన్నీ సాలీళ్ళే కనపడతాయా?" అన్నాను. "నువ్వేటే గుంటా, నిన్ను కుట్టినాదా ఎప్పుడైనా?" అన్నాడు. కుట్టలేదు కాబట్టి ఊరుకున్నాను.

ఒక ఏడు వానలు తగ్గుముఖం పట్టాక, దసరా సెలవులకి ఊరెళ్ళాను. పిన్నికి జ్వరమని తెలిసి బ్యాగు కూడా దించకుండా వాళ్ళింటికే పోయాను. మంచం మీద పడుకుని ఉంది. తల పగిలిపోతోంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చీర కుచ్చెళ్ళు దోపుకునే చోట, నడుముకి ఒక పక్కన, మచ్చ చూపించింది. బీడీతో చురక పెట్టినట్టు చిన్న నల్లటి పెచ్చు, చుట్టూ ఎరుపు.

"సాలీడు కుట్టినాదమ్మీ. నిన్న మొదలైనాది జొరం. గడ్డి కోసీకాడ కుట్టుంటాది" అంది పిన్ని.

ఆసుపత్రికి వెళ్దామన్నాను. మా చిన్నాన్న, అంటే పిన్ని మొగుడు, గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకునే మనిషి. "రేపటికి మూడో దినం కదమ్మా. మీ మావకి తగ్గినట్టే తగ్గుతాది" అన్నాడు. పిన్ని కూడా ఆ మాటే పట్టుకుంది. "మా అన్నకి ప్రభువు సేసినాడు, నాకు సెయ్యడేటి?" అంది. మావకి ఫోను చేశాను. నరసన్నపేటలో ఎవరిదో పెళ్ళికి సామాను వేసుకుని వెళ్ళాడు. ఫోను ఎత్తలేదు. ఎత్తినా ఆ డీజే మోతలో ఏమీ వినపడి ఉండదు.

మూడో దినం మధ్యాహ్నానికి పిన్ని పొంతన లేని మాటలు మాట్లాడుతోంది. ఊపిరి గబగబా తీస్తోంది. నేను పొద్దుటి నుంచీ వెళ్దామని గొడవ చేస్తూనే ఉన్నాను, 108కి ఫోను చేయబోతే చిన్నాన్న నా చేతి మీద చెయ్యి వేసి, సాయంకాలం దాకా ఆగమ్మా అన్నాడు. ఇల్లంతా సంఘం ఆడవాళ్ళు, మోకాళ్ళ మీద ఉన్నారు. వాళ్ళ గొంతుల్లో దిగులు లేదు. ఇంకాసేపట్లో జరగబోయే మంచి కోసం ఎదురుచూస్తున్నట్టే ఉన్నారు.

అప్పుడు బయట ట్రక్కు ఆటో ఆగింది. మావ వచ్చాడు, వెనకాల అత్త. ఆయన అలవాటు ప్రకారం కుర్చీ తట్టి చూసుకుని మంచం పక్కన కూర్చున్నాడు. చెల్లెలి నుదురు మీద చెయ్యి వేశాడు.

"ఏటే, సూసేవా సాలీడుని?"

పిన్ని కళ్ళు తెరిచింది. "నేదన్నా."

"కుట్టినప్పుడు నొప్పెట్టినాదా?"

"ఎప్పుడు కుట్టినాదో తెలీదు."

అత్త చీర కాస్త పక్కకి జరిపింది. మావ ఆ నల్లటి పెచ్చు చుట్టూ వేలితో నొక్కాడు. "ఇప్పుడు నొప్పా?" లేదని పిన్ని తల ఊపింది. ఆయన ఒక చెయ్యి పట్టుకుని చూశాడు, రెండో చెయ్యి పట్టుకుని చూశాడు. రెండూ పొడిగా కాలిపోతున్నాయి. కడుపు మీద అరచెయ్యి ఆనించాడు. మెత్తగానే ఉన్నట్టుంది. ఊరందరి ఒంటి మీదా సాలీడుని చూసిన మనిషి, సొంత చెల్లెలి ఒంటి మీద దాన్ని వెతికి దొరక్క కూర్చున్నాడు.

"ఇది సాలీడు కాదు" అన్నాడు.

"మరేటి బావా?" అన్నాడు చిన్నాన్న.

"నాకు తెలీదు. బేగి లేవదియ్యండి, శ్రీకాకుళం తీసుకెల్దాం."

చిన్నాన్న కదల్లేదు. "ఇయ్యాలే కదా బావా మూడో దినం. ఇంకా పొద్దుంది. ఆసుపత్రి గడప తొక్కకుండా నీకు తగ్గినాది. మాది అంత తక్కువ విశ్వాసమేటి?" కోపంగా అనలేదు. బావని బతిమాలుకుంటున్నట్టే అన్నాడు.

మావ అత్త వంక చూశాడు. అత్త నేల చూపులు చూస్తోంది.

"అప్పుడు నాను ఆసుపత్రిలోనే ఉన్నాను" అన్నాడు మావ. "పెళ్ళోళ్ళే తీసుకెల్లి పడీసారు. ముందర గుండెపోటనుకున్నారు. సూదులేసారు, సెలైనెట్టారు. వారం రోజులు ఉన్నాను. మూడో దినానికి నాను లేవనేదు, అరుస్తానే ఉన్నాను."

గదిలో ప్రార్థన ఆగిపోయింది. చిన్నాన్న నవ్వాడు, నిజంగానే, జాలిగా. "సెల్లి మీద పేమతో అలాగంటన్నావు బావా. నాకు తెలీదేటి. ఇన్నేళ్ళ బట్టి నీ సాక్ష్యం ఇంటన్నాం." ఆడవాళ్ళు కూడా తలలూపారు. వాళ్ళ ముందు మనిషి ఉన్నాడు, ఆయన చెప్పిన సాక్ష్యం ఉంది. రెండిట్లో వాళ్ళు సాక్ష్యాన్నే నమ్మారు.

మావ లేచి నిలబడ్డాడు. గోడ వైపు తిరిగి జుబ్బా పైకెత్తి నోటితో కరిచి పట్టుకున్నాడు. పంచె ముడి సడలించి ఒక పక్క తుంటి దాకా కిందకి దించాడు. అంతమంది ఆడవాళ్ళ ముందు, నా ముందు. అక్కడ బొటనవేలు పట్టేంత గుంట, చుట్టూ చర్మం ముడుచుకుపోయి ఉంది. జుబ్బా నోట్లోంచి వదిలి, చేత్తో పట్టుకుని, గోడ వైపే చూస్తూ మాట్లాడాడు.

"సూదేసిన సోట గడ్డ కట్టి సీం పట్టినాది. కోసీసారు. ఇది సాలీడు సేసినాదా? ప్రభువు సేసినాడా? సూడు బావా. దగ్గరకొచ్చి సూడు."

ఒక ముసలావిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అత్త అప్పుడు నోరు తెరిచింది. "కట్టు నానే కట్టాను. మా అమ్మోళ్ళింట్లో ఉన్నన్నాళ్ళూ" అంది. చిన్నాన్న నిజంగానే దగ్గరికొచ్చి ఒంగి చూశాడు. చాలాసేపు చూశాడనిపించింది. తర్వాత మంచం దగ్గరికి వెళ్ళి పిన్ని భుజాల కింద చెయ్యి వేసి లేపాడు.

కుర్చీలన్నీ వీధిలోకి విసిరేసి ఆటోలో చోటు చేశారు. ఆ తొందరలో కూడా మావ షామియానా గుడ్డని రెండుసార్లు దులిపాకే పరిచాడు. పిన్నిని దాని మీద పడుకోబెట్టి, తల నేను ఒళ్ళో పెట్టుకున్నాను. దారి పొడుగునా గతుకుల్లో గిన్నెలు మోగుతూనే ఉన్నాయి.

ఆసుపత్రిలో డాక్టరు చిన్న పిల్లే, మా స్కూల్లో చదివి వెళ్ళిన పిల్లల వయసు ఉంటుంది. జ్వరం అనగానే ఒళ్ళంతా వెతికింది. నడుము దగ్గర మచ్చ కనపడగానే, "పొదల్లో గడ్డి కోస్తారా?" అని అడిగింది. కోస్తుందని చెప్పాం. సాలీడు కాదంది. గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు, దాని పిల్ల కుడుతుంది, కంటికి ఆనదు, కుట్టినట్టు కూడా తెలియదు, జ్వరం దాని వల్లే వస్తుంది అని చెప్పింది. బీపీ పడిపోయిందనీ ఊపిరితిత్తులకి తగులుతోందనీ, రేపటి దాకా ఉంచి ఉంటే ఏం చెప్పగలిగేదాన్నో తెలియదనీ అంది. మందు ఉందట, మామూలు మందేనట. రక్తపరీక్షకి పంపి, ఫలితం రాకముందే మొదలు పెట్టించింది.

మావ ఆవిడ వెనకాలే తిరిగాడు. "కంటికి ఆనని పురుగుకా అమ్మా ఇంత జొరం?" అన్నాడు. ఆయన గొంతులో కాస్త చిన్నబోయినట్టు కూడా ఉంది. మళ్ళీ ఉండబట్టలేక, "సాలీడుకైతే కుట్టిన సెయ్యి ఒక్కటే సెమట పడతాది కదమ్మా" అన్నాడు.

డాక్టరు ఆగింది. "మీకు అలా పట్టిందా? పుస్తకంలో చదివాను గానీ ఎవర్నీ చూడలేదు. తర్వాత ఏమైంది?"

మావ చెయ్యి పై గుండీ దగ్గరికి వెళ్ళింది. కథ మొదలవబోతోందని నాకు అర్థమైంది. కానీ ఆయన చెయ్యి దించేశాడు. "ఏటీ నేదమ్మా. మీలాటోళ్ళే సూదులేసారు. తగ్గినాది" అన్నాడు.

సాయంత్రం వరండాలో బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. నేను అడక్కుండానే చెప్పాడు. ఊరికి తిరిగొచ్చిన మొదటి ఆదివారం, రెండు ముక్కలు చెప్పి కూర్చుందామనే లేచాడట. ఆయన ముందు ఎవరో గేదె సాక్ష్యం చెప్పి పెద్ద ఆమేన్ కొట్టించుకున్నాడట. "గేదెకే అంత ఆమేనొస్తే నాకెంత రావాలి అనిపించినాది. ఆసుపత్రి మాట నోటికి రానేదు. తరవాత సెప్తే ముందర సెప్పింది అబద్దం అయిపోతాది. అలగే ఉండిపోనాది" అన్నాడు.

"ఇవాళ మధ్యాహ్నం వాళ్ళు నమ్మనప్పుడు, దేవుడు కల్లో కనపడి ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాడని చెప్తే సరిపోయేది కదా మావా? వెంటనే లేచేవాళ్ళు" అన్నాను.

"ఆ మాట నోటి దాకా వచ్చినాది" అన్నాడు. "ఇప్పుడిది కల్పిస్తే, రేపు దీన్ని పట్టుకుని ఇంకెవురు మంచం మీద పడుంటారో అనిపించినాదే గుంటా. అప్పుడు నాను ఊళ్ళో ఉంటానో, నరసన్నపేటలో ఉంటానో."

ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. నాకు తెలిసి నేను ఆయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. మావ అంటే నాకు చాలా ఇష్టమని నాకు ఆ బల్ల మీదే తెలిసింది.

మందు పడ్డాక పిన్ని జ్వరం దిగింది. ఊపిరి సర్దుకోవడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. బాగా నీరసపడి ఇంటికొచ్చింది గానీ మనిషి దక్కింది. ఊళ్ళో మావ సంగతి మాత్రం అంత సులువుగా సర్దుకోలేదు. సంఘపెద్దల వరసలో కూర్చోవడం ఆయనే మానేసి గుళ్ళో వెనక బెంచీకి వెళ్ళిపోయాడు. రమ్మని ఎవరూ అనలేదు. పాస్టరు గారు కూడా ఏమీ అనలేదు. దద్దుర్లతో షెడ్డు ముందుకొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. ఎవరైనా వచ్చినా ఆయన కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, "నాకు తెలీదు, డాట్రుకి సూపించు" అనేవాడు. ఆ మాట చెప్పడం ఆయనకి సుఖంగా లేదు. చూసేవాళ్ళకి తెలిసిపోయేది.

ఆ ఏడు కోతల పండుగకి నేను సెలవు పెట్టుకుని వెళ్ళాను. వేలంపాట అయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. చివర, ఎప్పుడూ మావ లేచే సమయానికి, అందరూ వెనక బెంచీ వైపు చూసీ చూడనట్టు చూశారు. అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి మా పిన్ని లేచింది. ఇంట్లో అన్నని ఎంత ఆటపట్టించినా, జన్మలో నలుగురిలో లేచి నోరు విప్పిన మనిషి కాదు. ముందు బెంచీ పట్టుకుని నిలబడింది.

"సంఘానికి వందనాలు. నాకు జొరమొచ్చినాది. నడుం కాడ నల్ల మచ్చయినాది. మూడో దినం దాకా ఉండమన్నారు, ఉన్నాను. తగ్గనేదు. మా అన్నొచ్చి అందరి ముందరా పంచి దించీసి సూపించాడు. అప్పుడు ఆసుపత్రికి తీసుకెల్లారు. మందిచ్చారు. తగ్గినాది. దేవునికి స్తోత్రం."

కూర్చుంది. తర్వాత ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, గుడంతా నవ్వింది. పాస్టరు గారు చేతిరుమాలు మూతికి అడ్డం పెట్టుకున్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. మావ లేచి నిలబడి ఉన్నాడు. మొహం ఎర్రబడింది. నవ్వు ఆగేదాకా ఆగాడు. మళ్ళీ సాలీడు కథ ఎత్తుకుంటాడేమో అని భయపడ్డాను.

"మా సెల్లి సెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్దం నేదు" అన్నాడు. "ఇక ముందర ఎవురికి జొరమొచ్చినా, నాను సెప్పింది తలుసుకుని ఇంట్లో పడుకోకండి. నా బండి షెడ్డు ముందరే ఉంటాది. ఏ వేళయినా పిలవండి."

మగాళ్ళ వరసలోంచి మొదట ఆమేన్ అన్నది మా చిన్నాన్న.